యాంటీబయాటిక్ వాడకుండానే పొట్ట పాడైందా? మీ మందుల చీటీని ఇలా సరిచూసుకోండి

“యాంటీబయాటిక్ వాడి ఏడాది దాటింది. అయినా రోజూ కడుపుబ్బరమే. ఒకరోజు విరేచనాలు, ఇంకోరోజు అసలు కాదు. ఏ ప్రోబయాటిక్ మంచిదో చెప్పండి.” ఈ ప్రశ్న మాటలు మార్చుకుని వస్తూనే ఉంది. అడిగేవాళ్ళలో చాలామంది షుగర్‌కో, బీపీకో, మోకాళ్ళ నొప్పులకో ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతున్నవాళ్ళే. పేగుల్లోని బ్యాక్టీరియా జోలికి వెళ్ళేది యాంటీబయాటిక్ ఒక్కటేనని అందరం అనుకుంటాం కాబట్టి, రోజువారీ మాత్రల మీద ఎవరికీ అనుమానం రాదు. నేనైతే ప్రోబయాటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూల్) పేరు చెప్పేముందు మందుల చీటీ చూపించమంటాను.

తెలుసుకోవాల్సిన సైన్సు కొంచెమే. 2018లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఉన్న యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ లాబొరేటరీ శాస్త్రవేత్తలు, వెయ్యికి పైగా మందుల్ని మన పేగుల్లో ఉండే 40 రకాల బ్యాక్టీరియా మీద పరీక్షించారు. వాటిలో మనిషి శరీరం మీద పనిచేయడానికి తయారుచేసిన మందులు, అంటే యాంటీబయాటిక్స్ కానివి, 24 శాతం దాకా కనీసం ఒక రకం బ్యాక్టీరియాను పెరగనివ్వలేదు. ఇది ప్రయోగశాలలో జరిగిన పరీక్ష, మనిషి పొట్టలో కాదు. తర్వాత నెదర్లాండ్స్‌లో మనుషుల మల నమూనాలు చూసినప్పుడు, యాంటీబయాటిక్స్‌తో పాటు గ్యాస్ మాత్రలు, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, మలబద్ధకానికి వాడే విరేచనకారులు ప్రముఖంగా తేలాయి.

అలాగని మార్పు కనిపించిన ప్రతిచోటా హాని జరిగినట్టు కాదు. మెట్‌ఫార్మిన్‌నే చూడండి. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆ మందు వాడినవాళ్ళ మలంలోని బ్యాక్టీరియాను ఎలుకలకు ఎక్కిస్తే వాటి చక్కెర నియంత్రణ మెరుగుపడింది. మందు చేసే మేలులో కొంత బ్యాక్టీరియా ద్వారానే జరుగుతోందన్నమాట. కాబట్టి ఈ వ్యాసం మందులు మానేయడానికి కాదు. ఏ మాత్ర అవసరం, ఏది అలవాటుగా మిగిలిపోయింది, ఏ ఇబ్బంది ఏ మాత్ర వల్ల అని విడదీసి చూసుకోవడానికి.

మొదలుపెట్టేముందు రెండు హెచ్చరికలు

ఇది చదివి ఏ మాత్రనూ సొంతంగా ఆపకండి. ముఖ్యంగా మూర్ఛ, మానసిక సమస్యలు, గుండె, బీపీ, రక్తం పలచబడే మందులు, స్టెరాయిడ్లు. మానసిక రుగ్మతల మందుల్లో కొన్నిటికి బ్యాక్టీరియా మీద ప్రభావం గట్టిగానే ఉన్నట్టు హైడెల్‌బర్గ్ పరీక్షలో కనబడింది. నిజమే. కానీ వాటిని ఉన్నపళాన ఆపితే వచ్చే ప్రమాదం కడుపుబ్బరం కంటే ఎన్నో రెట్లు పెద్దది.

మలంలో రక్తం, జ్వరంతో విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టమవడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 దాటాక కొత్తగా మలవిసర్జన తీరు మారడం: వీటిలో ఏది ఉన్నా ఈ పద్ధతంతా పక్కన పెట్టి నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకి మలం నల్లగా రావడం మామూలే. కానీ తారులా జిగటగా, ఘాటైన దుర్వాసనతో వస్తే లోపల రక్తం కారుతూ ఉండొచ్చు. అది ఆగి చూడాల్సిన విషయం కాదు.

కావలసినవి

- ఇంట్లో మీరు వాడుతున్న మందులన్నీ, స్ట్రిప్పులతో సహా
- ఒక నోటు పుస్తకం, పెన్ను
- పాత చీటీలు, మందుల షాపు బిల్లులు దొరికినన్ని
- చివరిసారి చేయించిన రక్తపరీక్షల రిపోర్టులు
- రెండు వారాల ఓపిక

1. అన్నీ బల్లమీద పెట్టండి

అన్నీ అంటే అన్నీ. “అది మందు కాదులే” అనుకునేవే ఎక్కువ తప్పిపోతాయి. పొద్దున పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర, ఎప్పుడైనా మోకాలు పట్టేస్తే వేసుకునే నొప్పి మాత్ర, రాత్రి చెంచాడు చూర్ణం, కాల్షియం, ఐరన్, ఊళ్ళో ఆర్ఎంపీ పొట్లం కట్టి ఇచ్చినవి కూడా. మలబద్ధకానికి అమ్మే చూర్ణాల్లో చాలావాటిలో సునాముఖి ఉంటుంది. అది విరేచనకారే.

ఇప్పుడు ప్రతి స్ట్రిప్పూ తిప్పి, బ్రాండు పేరు కాకుండా వెనకవైపు ఉన్న మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాసుకోండి. “గ్యాస్ గోలీ” అనుకునే క్యాప్సూల్ తిప్పితే తరచూ రెండు పేర్లు కనిపిస్తాయి: ప్యాంటోప్రజోల్ 40 మి.గ్రా., దాని కింద డోంపెరిడోన్ 30 మి.గ్రా. మొదటిది ఆమ్లం తగ్గించేది. రెండోది వాంతులు ఆపేది. ఈ డోంపెరిడోన్ గుండె లయ మీద ప్రభావం చూపుతుందని, మామూలుగా వారానికి మించి వాడొద్దని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2014లోనే చెప్పింది. మన దగ్గర దాన్ని ఏళ్ళ తరబడి రోజూ మింగేవాళ్ళు ఎందరో. అసలు అందులో రెండు మందులున్నాయని కూడా వాళ్ళకి తెలియదు.

ఈ మెట్టులోనే కొందరి సమస్య సగం తేలిపోతుంది. షుగర్ డాక్టర్ ఒక బ్రాండు, ఎముకల డాక్టర్ ఇంకో బ్రాండు రాస్తారు. రెండిట్లోనూ ఉన్నది ప్యాంటోప్రజోలే. లేదా ఒకదాంట్లో ప్యాంటోప్రజోల్, ఇంకోదాంట్లో రాబెప్రజోల్. పేరు చివర “ప్రజోల్” అని ఉన్న గ్యాస్ మాత్రలన్నీ ఒకే కుటుంబం. ఇలా రెండు దొరికితే వెంటనే డాక్టర్‌కో ఫార్మసిస్టుకో చూపించండి.

2. తేదీలు పక్కపక్కన రాయండి

పేజీని రెండుగా విడగొట్టండి. ఎడమవైపు ఏ మాత్ర ఎప్పుడు మొదలైంది, డోసు ఎప్పుడు పెరిగింది. కుడివైపు పొట్ట ఇబ్బంది ఎప్పుడు మొదలైంది. తేదీ గుర్తు లేకపోతే “సంక్రాంతి తర్వాత”, “అమ్మాయి పెళ్ళికి ముందు” అన్నా చాలు. పాత బిల్లులు ఇక్కడే పనికొస్తాయి.

ఇప్పుడు వాడనివి, కానీ గత మూడు నాలుగేళ్ళలో ఎక్కువకాలం వాడినవి కూడా రాయండి. ఎస్టోనియాలో 2025లో వెలువడిన పరిశోధనలో గ్యాస్ మాత్రలు, బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్లు, నిద్ర-ఆందోళనల మందులు, డిప్రెషన్ మందులు ఆపేసి ఏళ్ళు గడిచాక కూడా పేగు బ్యాక్టీరియాలో వాటి జాడ కనిపించింది.

3. అనుమానితులకు గుర్తు పెట్టండి

ప్రతి మందుకూ బ్యాక్టీరియాతో ఏదో ఒక సంబంధం వెతకొచ్చు. అంత టెన్షన్ అక్కర్లేదు. రోజువారీ ఇబ్బందులకు కారణమయ్యేవి ఎక్కువగా ఇవే.

*గ్యాస్ మాత్రలు.* ఒమెప్రజోల్, ప్యాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్. నోటిలోంచి రోజూ కోట్ల బ్యాక్టీరియాను మింగుతాం. కడుపులోని ఆమ్లం వాటిలో ఎక్కువ భాగాన్ని అక్కడే చంపేస్తుంది. ఆమ్లం తగ్గితే అవి కిందికి దిగుతాయి. వీటిని వాడేవాళ్ళ మలంలో నోటికి చెందిన స్ట్రెప్టోకాకస్ రకాలు ఎక్కువగా ఉన్నాయని 2016లో బ్రిటన్, నెదర్లాండ్స్ అధ్యయనాలు రెండూ చూపించాయి. వీటివల్ల క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే మొండి బ్యాక్టీరియాతో విరేచనాలు వచ్చే అవకాశం పెరగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో హెచ్చరించింది. ఎక్కువకాలం వాడితే ఒంట్లో బి12 విటమిన్, మెగ్నీషియం తగ్గొచ్చు.

*వోగ్లిబోస్, అకార్బోస్.* తెలుగు ఇళ్ళలో షుగర్ చీటీల్లో వోగ్లిబోస్ తరచూ కనిపిస్తుంది, ఎక్కువగా మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రలో. ఇది అన్నంలోని పిండిపదార్థం చిన్నపేగులో త్వరగా అరగకుండా ఆపుతుంది. అరగని పిండి పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. గ్యాస్, గుడగుడ, ఉబ్బరం. ఇది ఆమ్లం వల్ల వచ్చిన గ్యాస్ కాదు కాబట్టి ప్యాంటోప్రజోల్‌కు లొంగదు. రెండు కంచాల అన్నం తిని దీన్ని వేసుకుంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. మాటలో మాట: వోగ్లిబోస్ వాడేవాళ్ళకి షుగర్ పడిపోతే పంచదార నోట్లో వేస్తే త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడి ఇవ్వాలి.

*మెట్‌ఫార్మిన్.* కొత్తలో విరేచనాలు, వికారం మామూలు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పరగడుపున వేసుకోవడం, డోసు ఒక్కసారిగా పెరగడం వల్ల ఎక్కువవుతుంది. దీర్ఘకాలంలో ఇదీ బి12ను తగ్గిస్తుంది. గ్యాస్ మాత్ర కూడా తోడైతే బి12 పరీక్ష తప్పనిసరి అని నా ఉద్దేశం. బి12 తగ్గినా అరికాళ్ళు మండుతాయి, మంటలన్నీ షుగర్ వల్లే అనుకుని ఊరుకోకూడదు.

*నొప్పి మాత్రలు.* డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబూప్రోఫెన్, నాప్రోక్సెన్. “కడుపు పాడవకుండా” అని పక్కన గ్యాస్ మాత్ర ఇస్తారు. అది కడుపును కాపాడుతుంది గానీ చిన్నపేగును కాదు. ఎలుకల మీద 2011లో జరిగిన ప్రయోగాల్లో ఈ జోడీ బ్యాక్టీరియాను మార్చి చిన్నపేగు పుండ్లను ఎక్కువ చేసింది. మనుషులకు దాన్ని యథాతథంగా అన్వయించలేం. పుండ్ల ముప్పు ఉన్నవాళ్ళకి గ్యాస్ మాత్ర తోడుగా ఉండాల్సిందే. తగ్గించాల్సింది నొప్పి మాత్రను.

*ఐరన్ మాత్రలు.* ఒంటికి పట్టగా మిగిలిన ఐరన్ పెద్దపేగులో కొన్ని హానికర బ్యాక్టీరియాకు మేత అవుతుంది. ఐవరీకోస్ట్, కెన్యా పిల్లల్లో జరిగిన అధ్యయనాల్లో ఇది కనబడింది. రోజు విడిచి రోజు వేసుకుంటే, వేసుకున్న ప్రతి మాత్రలోంచి ఒంటికి పట్టే భాగం ఎక్కువని 2017లో మహిళల మీద చేసిన పరీక్షలో తేలింది. ఇది డాక్టర్‌ను అడగదగ్గ విషయం. గర్భిణులు మాత్రం ఈ మార్పు సొంతంగా చేసుకోవద్దు, చెప్పిన డోసే వాడాలి.

*విరేచనకారులు.* లాక్టులోజ్ సిరప్ పనిచేసేదే బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టడం వల్ల. దానితో గ్యాస్ రావడం సహజం.

బీపీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్ మాత్రల్ని ఈ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు, తేదీలు స్పష్టంగా కలిస్తే తప్ప.

సంబంధం రెండోవైపు నుంచి కూడా ఉంటుంది. గుండెకు వాడే డిగాక్సిన్‌ను ఎగ్గర్థెల్లా లెంటా అనే పేగు బ్యాక్టీరియా నిర్వీర్యం చేయగలదు. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకు వాడే లెవోడోపాను ఎంటెరోకాకస్ ఫీకాలిస్ దారిలోనే మార్చేయగలదు. ఈ రెండు మందులు వాడేవాళ్ళు యాంటీబయాటిక్ కోర్సు గానీ కొత్త ప్రోబయాటిక్ గానీ మొదలుపెడుతుంటే డాక్టర్‌కు ముందుగా చెప్పడం మంచిది.

4. బాణం గుర్తులు గీయండి

నా లెక్కన మొత్తం పద్ధతిలో ముఖ్యమైన మెట్టు ఇదే. ప్రతి మాత్ర పక్కన “ఇది ఎందుకు?” అని రాయండి. జవాబు జబ్బు పేరైతే సరే. జవాబు ఇంకో మాత్ర అయితే రెండిటి మధ్య బాణం గీయండి.

మామూలుగా కనబడే ఒక చీటీ తీసుకుందాం. మెట్‌ఫార్మిన్-వోగ్లిబోస్ కలిపిన షుగర్ మాత్ర. దానితో ఉబ్బరం. ఉబ్బరానికి ప్యాంటోప్రజోల్. అది ఏళ్ళు గడిచేసరికి ఐరన్, బి12 ఒంటికి పట్టడం తగ్గింది. నీరసానికి ఐరన్ మాత్ర. ఐరన్‌తో మలబద్ధకం. మలబద్ధకానికి రాత్రిపూట చూర్ణం. చూర్ణంతో పొద్దున నీళ్ళ విరేచనాలు. చివరికి ఆ విరేచనాలకు ప్రోబయాటిక్ క్యాప్సూల్! ఐదు మందుల్లో జబ్బుకు వేసుకుంటున్నది ఒక్కటే.

మీ కాగితం మీద ఇలాంటి గొలుసు కనిపిస్తే చివరి మాత్ర నుంచి కాదు, మొదటి మాత్ర నుంచి ఆలోచించాలి. వోగ్లిబోస్ బదులు ఇంకోటి కుదురుతుందా అన్న ఒక్క ప్రశ్నతో మిగతావి చాలావరకు రాలిపోవచ్చు.

5. రెండు వారాలు రాసుకోండి

రోజుకు నాలుగు గడులు చాలు: మలవిసర్జన ఎన్నిసార్లు, ఎలా ఉంది (గట్టి ఉండలు, మామూలు, పలుచన, నీళ్ళు), ఉబ్బరం 0 నుంచి 10లో ఎంత, ఆరోజు మామూలుకు భిన్నంగా ఏం తిన్నారు. ఈ రెండు వారాలూ మందులేవీ మార్చకండి, కొత్త ఆహార నియమాలు మొదలుపెట్టకండి. ఇప్పుడున్న పరిస్థితి కాగితం మీద లేకపోతే, రేపు తగ్గిందో లేదో చెప్పడానికి జ్ఞాపకాన్ని నమ్ముకోవాల్సి వస్తుంది. పొట్ట విషయంలో జ్ఞాపకం అంత నమ్మదగింది కాదు.

6. డాక్టర్ దగ్గర ఏం అడగాలి

“ఈ మాత్రలు నా పేగు బ్యాక్టీరియాను చంపుతున్నాయట కదా” అని మొదలుపెడితే సంభాషణ అక్కడే చెడుతుంది. కాగితం ముందు పెట్టి, వరసగా అడగండి.

- “సార్, ఈ ప్యాంటోప్రజోల్ ఎందుకు మొదలైంది? ఇంకా కావాలా?”
- “మెట్‌ఫార్మిన్‌లో నెమ్మదిగా విడుదలయ్యే ఎస్ఆర్ రకానికి మారొచ్చా?”
- “వోగ్లిబోస్ మొదలైనప్పటి నుంచి ఉబ్బరం. బదులు ఏదైనా ఉందా?”
- “మోకాలికి పూత మందు, ఫిజియోథెరపీతో నొప్పి మాత్ర తగ్గించొచ్చా?”
- “బి12, మెగ్నీషియం, హిమోగ్లోబిన్ చూద్దామా?”

ఒక్కో విజిట్‌లో ఒక్క మార్పే చేయించుకోండి. మూడు మాత్రలు ఒకేసారి మారిస్తే, తగ్గినా పెరిగినా ఎందుకో తెలియదు. మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

7. గ్యాస్ మాత్ర తగ్గించమంటే

డాక్టర్ సరేనన్నాకే. ఈ మాత్ర ఆపకూడనివాళ్ళున్నారు: గతంలో కడుపులో రక్తస్రావమైనవాళ్ళు, అన్నవాహిక తీవ్రంగా ఒరిసిపోయినవాళ్ళు, బారెట్ అన్నవాహిక (ఆమ్లం తగిలి తగిలి అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) ఉన్నవాళ్ళు, గుండెలో స్టెంటు వేయించుకుని ఆస్పిరిన్-క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతూ రక్తస్రావ ముప్పు ఉన్నవాళ్ళు. వీళ్ళకి దీని లాభం ముందు బ్యాక్టీరియా గొడవ చాలా చిన్నది.

మిగతావాళ్ళకి మామూలుగా చెప్పే పద్ధతి: 40 మి.గ్రా. నుంచి 20కి దిగడం, కొన్ని వారాల తర్వాత రోజు విడిచి రోజు, తర్వాత మంట వచ్చినప్పుడు మాత్రమే. 40 మాత్రను సగానికి విరిచి 20 చేసుకోకండి. దానిమీద ఉన్న పూత కడుపు ఆమ్లం నుంచి మందును కాపాడేది. విరిస్తే మందు పేగుకు చేరకముందే పాడవుతుంది. 20 మి.గ్రా. మాత్ర విడిగా దొరుకుతుంది.

ఆపిన మొదటి వారాల్లో మంట తిరగబడొచ్చు. దీన్నే చాలామంది “చూశారా, నాకు ఇది లేకపోతే కుదరదు” అని అర్థం చేసుకుని మళ్ళీ మొదలుపెడతారు. 2009లో అసలు ఏ కడుపు జబ్బూ లేని ఆరోగ్యవంతులకు 8 వారాలు ఈ రకం మాత్ర ఇచ్చి ఆపితే, వాళ్ళలో 44 శాతానికి మంట, పుల్లటి తేన్పుల లాంటి ఇబ్బందులు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 15 శాతానికే. అంటే ఆ మంట మాత్ర ఆపడం వల్ల వచ్చింది, జబ్బు వల్ల కాదు. ఈ మొదటి వారాల్లో అవసరమైతే యాంటాసిడ్ సిరప్, లేదా డాక్టర్ చెప్పిన ఫామోటిడిన్ (ఆమ్లం తగ్గించే వేరే రకం మందు) తోడు పెట్టుకోవచ్చు. కిడ్నీ సమస్య ఉంటే ఈ రెండూ అడగకుండా వాడొద్దు. రాత్రి భోజనానికీ పడకకూ మూడు గంటల తేడా ఉంచడం, మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయడం నిజంగానే పనిచేస్తాయి.

8. ప్రోబయాటిక్ సంగతి

మందుల వల్ల మారిన బ్యాక్టీరియాను షాపులో కొన్న క్యాప్సూల్ తిరిగి సరిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ వాడినవాళ్ళలో సొంత బ్యాక్టీరియా కోలుకోవడం ఇంకా ఆలస్యమైందని 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు చూపించారు. పెరుగు, మజ్జిగ పడేవాళ్ళు హాయిగా తాగండి, ఆహారంగా. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళు మాత్రం క్యాప్సూళ్ళు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు.

పేగు బ్యాక్టీరియాకు అసలు మేత పీచు. పప్పులు, ఉలవలు, అలసందలు, ఆకుకూరలు, జొన్న రొట్టె. ఎక్కువమంది తప్పుచేసేది వేగంలో. సోమవారం నుంచి మొలకలు, ఓట్స్, ఇసబ్‌గోల్ అన్నీ కలిపి మొదలుపెట్టి, గురువారానికి పొట్ట డోలు అయిందని మానేస్తారు. వారానికి ఒక్కటి చేర్చండి, నీళ్ళు పెంచండి. వోగ్లిబోస్ వాడుతున్నంతకాలం ఇంకా నిదానంగా వెళ్ళండి.

వేల రూపాయలు తీసుకుని మలం పరీక్షించి “మీ బ్యాక్టీరియా స్కోరు” చెప్పే కిట్లున్నాయి. ఆ స్కోరును బట్టి ఏ మందు మార్చాలో తేల్చే పద్ధతి ఇప్పటికైతే లేదు. ఆ డబ్బుతో బి12 చేయించుకోండి.

9. ఫలితం ఎలా చూడాలి

ఒక మార్పు చేశాక కనీసం నాలుగు వారాలు ఆగండి. గ్యాస్ మాత్ర అయితే పూర్తిగా ఆపాక ఎనిమిది వారాలు. అప్పుడు మళ్ళీ అవే నాలుగు గడులు రెండు వారాలు రాసి, మొదటి కాగితంతో పోల్చండి. ఉబ్బరం సగటున 7 నుంచి 4కి దిగితే అది నిజమైన మార్పు. 7 నుంచి 6 అయితే తొందరపడి సంబరపడకండి. షుగర్ మందు మారిస్తే ఇంట్లో గ్లూకోమీటర్ రీడింగులు కూడా రాయండి. పొట్ట బాగుపడి షుగర్ 280కి చేరితే అది విజయం కాదు.

మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి మధ్యలో వాంతులు, విరేచనాలు ఎక్కువై నీరసించిపోతే ఓఆర్ఎస్ తాగుతూ, మాత్ర తాత్కాలికంగా ఆపాలేమో అదేరోజు డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి.

అన్నీ సరిచూసినా తేడా రాకపోతే మందుల మీద నేరం మోపడం ఆపి, పాలు పడకపోవడం, థైరాయిడ్, కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా లాంటి కారణాలు వెతికించాలి. ఈ చివరిదానికి మలం లేదా శ్వాస పరీక్ష చేయించేటప్పుడు గ్యాస్ మాత్ర డాక్టర్‌ను అడిగి రెండు వారాల ముందు నుంచి ఆపి ఉండాలి. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదనే రిపోర్టు రావచ్చు. ల్యాబ్‌లో ఎవరూ అడగకపోయినా మీరే చెప్పండి.